మిద్దె మీది ఆడపడుచు

మా అత్తగారి కొంగుముడిలో ఆ ఏడు ఒకే ఒక్క విత్తనం మిగిలింది.

నేతిబీర విత్తనం. పేరులో తప్ప నేతిబీరలో నెయ్యి లేదని లోకం వెక్కిరిస్తుంది గానీ, మా అత్తగారి నేతిబీరలో ఉంది. నేను తిన్నవాణ్ణి, ఎవరడిగినా సాక్ష్యం చెబుతాను. ముక్కలు మూకుట్లో పడి మగ్గుతుంటే, ఎవరింట్లోనో వెన్న కాస్తున్నారని వీధి చివరివాళ్ళకు కూడా అనుమానం వచ్చేది. ఆ రకం ఇంకెక్కడా లేదు. వాళ్ళమ్మగారి చేతినుంచి వచ్చిన విత్తనం అది. ఏటా ఒక కాయను కోయకుండా తీగమీదే ముదరనిచ్చి, ఎండనిచ్చి, గింజల్ని బూడిదలో కలిపి డబ్బాలో దాచేవారు. కిందటి తుఫానుకు కాకినాడ సగం మునిగినప్పుడు ఆ డబ్బా కూడా మునిగింది. గింజలన్నీ బూజుపట్టాయి. ఏరగా ఏరగా గట్టిగా ఉన్నది ఒకటి దొరికింది.

"పోనీలెండి అత్తయ్యగారూ, ఒక్కటైనా మిగిలింది కదా" అన్నాను ఓదార్పుగా.

"ఒక్కటి మిగిలింది అనకండి అల్లుడుగారూ. ఉంది అనండి, చాలు" అన్నారు మాణిక్యాంబగారు.

ఆవిడ మాట తీరే అంత. మొక్కల దగ్గర అయితే మరీను. తోటలో నిలబడి అశుభం పలికితే మొక్క వింటుందని ఆవిడ నమ్మకం. మొక్క వింటుందో లేదో గానీ, మొక్క మాట్లాడుతుందని మా ఆవిడ హైమ నమ్మకం. ఆ రెండు నమ్మకాల మధ్య ఒక గదిలో కూచుని జీతం తెచ్చుకునేవాణ్ణి నేను. నా ఉద్యోగం యంత్రాలు రాసిన తెలుగును దిద్దడం. పిల్లల పాఠాలు ఇప్పుడు యంత్రాలే రాస్తున్నాయి. 'సైనికులు శత్రువులకు ఎదుర్కోలు చేశారు' అని రాసి, శత్రువుల్ని పెళ్ళివారిని చేసి పారేస్తాయి. నేను కూచుని ఆ పెళ్ళి చెడగొడుతుంటాను.

హైమ పరిశోధనాలయంలో మొక్కల మీద పనిచేసే శాస్త్రవేత్త. మొక్కకు దాహమేసినా, పురుగు కుట్టినా కాండంలో సన్నటి విద్యుత్తు కదులుతుందట. వెంట్రుకలాంటి వెండితీగను కాండానికి తగిలిస్తే ఆ కదలికలు గీతలుగా కనిపిస్తాయి. గీతలైతే కనిపిస్తాయి గానీ, ఏ గీతకు ఏం అర్థమో ఎవరికి తెలుసు?

"మొక్కల్ని ఎరిగిన మనిషి రోజూ పక్కన నిలబడి, ఇప్పుడు దీనికి ఇలా ఉంది అని నోటితో చెబుతూ ఉండాలి. గీతనూ మాటనూ యంత్రం జత కలుపుకుంటుంది. కొన్నాళ్ళకు గీత చూసి అదే మాట చెబుతుంది" అంది హైమ ఒకరోజు, వాళ్ళమ్మ మెడలో మైకు వేలాడదీస్తూ.

"నేను ఊరికే వాగేదంతా ఇది రాసుకుంటుందా?" అన్నారు మాణిక్యాంబగారు అనుమానంగా.

"నువ్వు వాగేదే కావాలమ్మా."

అలా మా మిద్దె పరిశోధనాలయం అయింది. అంతకుముందు నుంచీ అది తోటే. సగానికి కోసిన డ్రమ్ముల్లో వంగ, మిరప, గోంగూర. పగిలిన కూలరు డబ్బాలో పొన్నగంటి. తొట్లలో తోటకూర, కొత్తిమీర, పుదీనా. తెల్లవారగానే ఆవిడ చెంబు పట్టుకుని తొట్టి తొట్టికీ వెళ్ళి పలకరించేవారు. "మిరపమ్మా, ఏవిటే ఆ ముడుచుకోడం? ఓహో, ఇంటికి చుట్టాలొచ్చారా? ఉండు, వేపనూనె తెస్తాను." "ఏమ్మా వంగా, నీళ్ళు నిండుకున్నాయా? వస్తున్నా, వస్తున్నా." "గోంగూరా, చాలామ్మా? ఆఁ, చాలు." ఎండ ముదిరాక కిందికొచ్చి, "అల్లుడుగారూ, ఉప్పు నిండుకుంది, బజారుకెళ్తే ఒక పొట్లం పట్రండి" అనేవారు, మెడలో మైకు తీయకుండానే. యంత్రానికి మొక్కల మాటతోపాటు మా వంటింటి మాటా వంటబట్టింది.

అది మొదటిసారి నోరు విప్పిన రోజు నాకు బాగా గుర్తు. కొత్తిమీర తొట్టి పక్కనున్న చిన్న పెట్టెలోంచి, అచ్చం మా అత్తగారి గొంతుతో, "ఎండ చురుక్కుమంటోందే తల్లీ" అని వినిపించింది. మాణిక్యాంబగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. హైమ ఏడ్చేసింది. నేను గొడుగు తెచ్చి కొత్తిమీరకు పట్టాను. పాతికేళ్ళ మా సంసారంలో అంత సంతోషమైన ఉదయం ఇంకోటి లేదు.

కాగితాల మీద ఆ యంత్రానికి ఏదో గంభీరమైన పేరుంది. ఇంట్లో దానికి 'ఆడపడుచు' అని నేనే పేరు పెట్టాను. తెల్లారింది మొదలు ఏదో ఒక ఫిర్యాదు. వంగకు చుట్టాలొచ్చారు, పుదీనాకు ఇరుకైంది, మిరపకు గాలాడట్లేదు.

"మీ చెల్లెలు వింటే మీ పని చెబుతుంది" అనేది హైమ.

"నా చెల్లెలు ఇంతకంటే తక్కువే మాట్లాడుతుంది" అనేవాణ్ణి.

ఆ సంబరం మధ్యలోనే జ్యేష్ఠమాసంలో ఒక మంచిరోజు చూసి కొంగుముడి విప్పారు మా అత్తగారు. విత్తనం నాటారు. అది మొలిచేదాకా ఆవిడ సరిగ్గా తిండి తినలేదు. మొలిచింది. సాగింది. పందిరెక్కింది. అక్కడితో ఆగక పిట్టగోడ దాటి పక్కింటి మిద్దె మీదికి పోయింది.

పక్కిల్లు నూకరాజుగారిది. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఓడమీది సామాను ఎత్తి దించిన చేతులతో ఇప్పుడు ఆనపకాయలు పెంచుతున్నాడు. మా తోటకూ ఆయన తోటకూ పోటీ అని మేం అనుకోలేదు, ఆయన అనుకున్నాడు.

"ఏవండీ తెలుగు మేష్టారూ, మీ తీగొచ్చి నా పందిరెక్కిందండి. నా ఆనపపాదుకి ఊపిరాడనివ్వట్లేదు. తెంపేస్తానంతే" అన్నాడు గోడవతలినుంచి.

నేను మేష్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. నేను నోరు విప్పేలోపే మా అత్తగారు అందుకున్నారు.

"తెంపుకోండి. పూతకొచ్చిన తీగను తెంపిన పాపం మీకే."

ఆ రోజునుంచీ రెండు మిద్దెల మధ్య మాటల్లేవు. మా వైపు తీగకు ఒక పిందె నిలబడింది. అది విత్తనపుకాయ అని, దాన్ని ఎవరూ కోయకూడదని, కనీసం దానివైపు వేలు చూపకూడదని మా అత్తగారి శాసనం. వేలు చూపిస్తే పిందె కుళ్ళిపోతుందట. చూపించాల్సి వస్తే వేలు మడిచి చూపాలి. ఇంత చదువు చదివిన హైమ కూడా వేలు మడిచే చూపేది.

ఆషాఢం వానల్లో హైమ తొట్లన్నిటికీ సన్నటి గొట్టాలు వేసి, బుల్లి కుళాయిలు బిగించింది. యంత్రం చెప్పిన మాటకు అర్థమేమిటో తేల్చడానికి ఒక నిఘంటువు పెట్టెను బయటినుంచి తెప్పించి మధ్యలో కలిపింది. అది మాటను విని, తొట్టి 'ఖాళీ' అనో 'నిండు' అనో కుళాయికి చెబుతుంది. "ఇక మొక్క అడుగుతుంది, కుళాయి తిరుగుతుంది. మధ్యలో మనిషి అక్కర్లేదు" అంది ఉత్సాహంగా.

మధ్యలో ఉన్న మనిషి అక్కడే చెంబు పట్టుకుని నిలబడి ఉన్నారు. హైమ చూడలేదు. నేను చూశాను.

మర్నాటి నుంచీ మా అత్తగారు ఆలస్యంగా లేవడం మొదలుపెట్టారు. పైకి వెళ్ళేవారు, చేతులు వెనక్కి కట్టుకుని ఆఫీసరులా తిరిగేవారు, కిందికి వచ్చేసేవారు. ఆవిడ గొంతు మాత్రం పైన పెట్టెలోంచి వినబడుతూనే ఉండేది. ఒకరోజు ఆవిడ మెట్లమీద కూచుని ఆ గొంతు వింటూ, "అది నాకంటే బాగా మాట్లాడుతోంది కదండీ" అన్నారు నాతో.

ముసురు వదల్లేదు. ఎప్పుడు చూసినా కుళాయిలు మూసే ఉన్నాయి, మూసే ఉండాలి కూడా. అంతా సవ్యంగా ఉందని హైమ పరిశోధనాలయంలో చెప్పింది. అక్కడి డైరెక్టరు వైకుంఠరావుగారు పరీక్ష పెట్టాడు. ఒక వారంపాటు మనిషి చెయ్యి తగలకుండా తోట నడవాలి. నడిస్తే తానే వచ్చి చూసి, యంత్రాన్ని ఊరూరి మిద్దెలకూ పంపిస్తాడు.

సరిగ్గా అప్పుడే బరంపురంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. అసలు ఆడపడుచు ఇంట పెళ్ళికి, యంత్రం ఆడపడుచుకు ఇల్లప్పగించి బయలుదేరాం.

"నేనుండిపోతానే. కాయ ముదురుతోంది. ఈ సమయంలో తీగ వాడితే గింజ తాలైపోతుంది" అన్నారు మా అత్తగారు తాళం వేసేటప్పుడు కూడా.

"నువ్వుంటే చెయ్యి పెట్టకుండా ఉండలేవమ్మా. పరీక్ష పోతుంది. నామీద నమ్మకం లేదా?"

కూతురు అలా అడిగితే ఏ తల్లి ఏమంటుంది? కారెక్కారు.

శ్రావణమాసం పేరుకే శ్రావణం. మేం ఊరు దాటగానే వాన ముఖం చాటేసింది. బరంపురంలో ఎండ మాడ్చేసింది. పందిట్లో కూచుని మా అత్తగారు పదేపదే అడిగేవారు.

"తోట పచ్చగా ఉందా?"

"పచ్చగా ఉందమ్మా" అని హైమ ఫోను చూపించేది. తొట్టికొక చుక్క, చుక్కలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ప్రతి చుక్క కిందా 'నిండు' అని ఉంది.

తిరిగొచ్చేసరికి మా గుమ్మం ముందు బియ్యం బస్తా ఉంది. పక్కన పప్పు, చింతపండు పొట్లాలు. ఎవరు పెట్టారో అర్థం కాక తాళం తీస్తుంటే, మా మిద్దె మీదినుంచే ఉరుము ఉరిమినట్టు గొంతు వినబడింది.

"వచ్చారా? రండి రండి. సిగ్గుండాలండి మేష్టారూ."

నూకరాజుగారు. చేతిలో నీళ్ళగొట్టం, మోకాళ్ళదాకా ఎగగట్టిన లుంగీ. మేం గబగబా పైకెక్కాం.

"ముసలావిణ్ణి ఇంట్లో పెట్టి తాళమేసుకుని పెళ్ళికెళ్తారా? రెండో రోజునించీ ఒకటే గోలండి. 'నిండుకున్నాయి తల్లీ, నిండుకున్నాయి' అని. మాటల్లేకపోతే మాత్రం మనిషిని కానా? బియ్యం నిండుకున్నాయని బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టాను. పిలిస్తే పలకదు. గోల ఆగదు. ఈ పొద్దున ఆవిడకి ఏవైపోయిందోనని గోడ దూకి..."

అప్పుడు నా వెనకాల మెట్లెక్కి వస్తున్న మా అత్తగారిని చూశాడు. గొట్టం జారిపోయింది.

"...దూకి చూస్తే ఈ డబ్బా మాట్లాడుతోందండి" అన్నాడు నెమ్మదిగా. "మట్టి ముట్టుకుంటే ఇటికలాగుంది. అప్పుడు తెలిసిందండి, ఇది అడిగేది బియ్యం కాదు, నీళ్ళని."

హైమ తొట్టి అంచుమీద కూలబడింది. నాకు వెలగడానికి ఇంకాస్త సమయం పట్టింది. తెలుగువాళ్ళ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఎండిన తొట్టి ముందు నిలబడి మా అత్తగారు ఏడాదిగా చెప్పిన మాట అదొక్కటే. యంత్రం ఆ మాటను తు.చ. తప్పకుండా నేర్చుకుంది. మొక్కలు గొంతెండి అడిగిన ప్రతిసారీ సరిగ్గానే అరిచింది. నిఘంటువు పెట్టెకు మాత్రం 'నిండు' అంటే నిండే. విన్నప్పుడల్లా కుళాయిని మరింత బిగించి మూసింది.

"ఆ మాట వింటూ పెరిగానండీ. పెళ్ళిలో చుక్క కింద 'నిండు' అని చదివి మురిసిపోయాను" అంది హైమ. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నూకరాజుగారు పోసిన నీళ్ళకు గోంగూర తల ఎత్తింది. పొన్నగంటి ఎత్తింది. వంగ సగం ఎత్తింది. నేతిబీర ఎత్తలేదు. మొదలు చిటుక్కున విరిగేలా ఎండిపోయింది. విత్తనపుకాయ వడలి, ముడతలు పడి వేలాడుతోంది. మా అత్తగారు దాన్ని అరచేతిలోకి తీసుకుని మెల్లగా నొక్కి చూశారు. లోపల గింజ కట్టలేదు.

హైమ ఆవిడ కాళ్ళ దగ్గర కూచుని ఏడుస్తోంది. ఆవిడ కూతురి తలమీద చెయ్యి వేసి, తీగవైపు చూసి, "నిండుకుందే" అన్నారు.

అంతే. కేకలు వేసి తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

మర్నాడు ఫోనులో వైకుంఠరావుగారు తేల్చి చెప్పాడు. "లోపం యంత్రంలో లేదు. నేర్పిన భాషలో ఉంది. మీ అమ్మగారి చేత సూటి మాటలు చెప్పించండి. 'నీళ్ళు లేవు', 'అయిపోయాయి', 'చచ్చిపోతోంది'. వచ్చే వారం వస్తాను."

హైమ వెళ్ళి మైకు తెచ్చింది. మా అత్తగారు కాదనలేదు. గోంగూర తొట్టి ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. "నీళ్ళు..." అన్నారు. ఆగారు. "నీళ్ళు అ..." అన్నారు. ఇంకోసారి మొదలుపెట్టారు. మాట రాలేదు. చివరికి మైకు తీసి కూతురి చేతిలో పెట్టారు.

"నావల్ల కాదే. నా చిన్నప్పుడు కోరంగి దగ్గర మా ఇంటిని ఉప్పెన ఊడ్చుకుపోయింది. నాన్న లేడు. అమ్మ, మేం ముగ్గురు పిల్లలం. రోజూ సాయంత్రం అమ్మ కుండలో చెయ్యి పెట్టి చూసి, 'బియ్యం నిండుకున్నాయర్రా, రేపు తెచ్చుకుందాం' అనేది. నిండుకున్నాయి అన్న మాట వింటూ నిద్రపోయేవాళ్ళం. అయిపోయాయి అని ఒక్కసారి అనుంటే, మేమే అయిపోయేవాళ్ళం. ఆవిడ ఆ మాటతో పెంచింది మమ్మల్ని. ఆ నేతిబీర విత్తనం కూడా ఆవిడ కొంగుముడిలోదే."

ఈ సంగతి హైమకూ తెలియదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కూచుంది. తర్వాత లేచి, స్క్రూడ్రైవరు తెచ్చి, నిఘంటువు పెట్టెను ఊడబీకి నా ఒళ్ళో పడేసింది.

"దీన్ని మీరు దిద్దుకోండి. అమ్మ మాట మారదు. మారాల్సింది కుళాయే."

"మాట అర్థం కుళాయికి ఎవరు చెబుతారు మరి?"

"అమ్మ చేతులు. 'నిండుకున్నాయా' అని అడిగాక ఏం చేసేది? చెంబు వంచేది. 'చాలు' అన్నాక చెంబు ఎత్తేది. అర్థం మాటలో వెతికాను, అదీ నా పొరపాటు. అమ్మా, చెంబు తీసుకో. మళ్ళీ మొదటినుంచీ నువ్వే పొయ్యాలి. కుళాయిలు నిన్ను చూసి నేర్చుకుంటాయి. మనం ఊళ్ళో లేనప్పుడే అవి. ఉన్నప్పుడు నువ్వే."

మా అత్తగారు చెంబు తీసుకున్నారు. ఆ రోజు గోంగూరకు అవసరానికి మించే నీళ్ళు పడ్డాయి. "చాలు తల్లీ, చాలు" అని పెట్టె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఎండిన తీగను మాత్రం ఆవిడ తీసెయ్యనివ్వలేదు. అలా పందిరి మీదే ఉండిపోయింది. దాని కిందినుంచి వెళ్ళేటప్పుడు ముగ్గురం తల వంచుకుని వెళ్ళేవాళ్ళం.

రెండురోజుల తర్వాత పిట్టగోడ అవతల దగ్గు వినిపించింది. జలుబు దగ్గు కాదు, మాట ఎలా మొదలెట్టాలో తెలియని దగ్గు.

"అమ్మగారూ, తిట్టనంటే ఒకటి చెప్తానండి."

"తిట్టేదాన్నయితే బియ్యం బస్తా పెట్టినప్పుడే తిట్టేదాన్ని. చెప్పండి" అన్నారు మా అత్తగారు.

"తీగ తెంపుదామనే కత్తట్టుకెళ్ళానండి ఆరోజు. ఆయ్. తీరా చూస్తే పువ్వుంది, ఎనకాల పిందుంది. చెయ్యాడలేదండి. మీ వంటింటి వాసన ఏళ్ళతరబడి పీలుస్తున్నానండి నేను. మా ఆవిడున్నప్పుడు అనేది, ఆ యింటి బీరకాయ ఒకటి అడిగి తెండి అని. పంతానికి అడగలేదు. ఇప్పుడెలా అడుగుతాను?" నూకరాజుగారు తలగోక్కున్నాడు. "అడక్కుండా తీసుకున్నానండి."

"ఏం తీసుకున్నారు?"

"కణుపు."

ఆయన చెయ్యందిస్తే పిట్టగోడ మెల్లగా దాటారు మా అత్తగారు. వెనకాల మేమూ దూకాం. ఆనపపందిరి కింద, ఆకుల చాటున ఒక తొట్టి. గోడ దాటి వచ్చిన మా తీగను ఒక కణుపు దగ్గర వంచి, ఆ తొట్టిలో పెట్టి మట్టి కప్పాడు. అక్కడ అది సొంతంగా వేరు పట్టింది. మా వైపు తీగ ఎండింది, ఆయన వైపు తీగ ఎండలేదు. పందిరి నడుమన పాత లుంగీ గుడ్డ ఒకటి మూటలా వేలాడుతోంది.

"అమ్మగారి కంట పడకుండా చుట్టానండి" అన్నాడు సిగ్గుపడుతూ, గుడ్డ విప్పుతూ.

లోపల నేతిబీరకాయ. ఆకుపచ్చ దాటి పసుపు దిగుతోంది. బరువుగా, నిబ్బరంగా, గింజతో నిండి ఉంది.

హైమ అప్రయత్నంగా వేలు చాపబోయి, ఠక్కున మడిచింది. మా అత్తగారు కాయ దగ్గరికెళ్ళి, నొక్కలేదు, ముట్టుకోను కూడా లేదు, ఊరికే చూశారు. తర్వాత ఆవిడకు నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగనంతగా. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"దొంగతనం చేశారు కదండీ అన్నయ్యగారూ."

"చేశానండి."

"మీ చెయ్యి చల్లగుండ. అదే కాపాడింది."

ఆ సాయంత్రమే రెండు మిద్దెల మధ్య పిట్టగోడలో రెండు వరసల ఇటుకలు తీసేశాడు నూకరాజుగారు, నడవడానికి వీలుగా. క్రేను నడిపిన మనిషి కాబట్టి ఒక్క ఇటుక కూడా పగలకుండా తీశాడు.

వైకుంఠరావుగారు చెప్పినట్టే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. అప్పటికి కుళాయిలింకా నేర్చుకుంటూనే ఉన్నాయి, అన్నిటికీ బిగించలేదు. హైమ ఆయన్ని తోటకూర తొట్టి పక్కన కుర్చీలో కూచోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ తాగుతూ క్లాసు పీకడం మొదలుపెట్టాడు.

"చూడండి హైమావతిగారూ, శాస్త్రానికి సూటిదనం ముఖ్యం. ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి. లేకపోతే వినేవాడికి ఎలా తెలుస్తుంది? మీరు నేర్పిన ఈ మాట ఎవరికీ..."

"నీళ్ళు నిండుకున్నాయి తల్లీ" అంది తోటకూర తొట్టి పక్కనున్న పెట్టె.

"...ఎవరికీ అర్థం కాదు" అంటూనే ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, కుర్చీ పక్కనున్న చెంబు అందుకుని, తోటకూర మొదట్లో వంచాడు. "రేపు ఊరూరా పంపాలంటే, జనానికి వినగానే..."

"చాలు తల్లీ" అంది పెట్టె.

ఆయన చెంబు ఎత్తాడు. ఎత్తిన చెంబు వైపు చూశాడు. మా వైపు చూశాడు. నూకరాజుగారు గోడ సందులోంచి చిన్నగా దగ్గాడు.

"మాది రాజోలండి" అన్నాడు వైకుంఠరావుగారు, చెవులు ఎర్రబడుతుండగా. "మా అమ్మ నూనెగిన్నె పట్టుకుని ఆ మాటంటే కొట్టుకి పరిగెత్తేవాణ్ణి." తర్వాత ఆయనే గట్టిగా నవ్వేశాడు. చెంబు మా అత్తగారికి రెండు చేతులా అందించి, "ఈ భాష మార్చకండి. వేరే ప్రాంతాలకు పంపేటప్పుడు అక్కడి అమ్మల్ని వెతుకుదాం. ఏ ఊరి యంత్రానికి ఆ ఊరి చెంబే నేర్పాలి" అన్నాడు. పోతూ పోతూ గోంగూర కట్ట కూడా పట్టుకుపోయాడు.

కాయ ఎండి, ఊపితే గలగలలాడాక కోశారు. పీచు మొత్తం నూకరాజుగారు ఒళ్ళు రుద్దుకోవడానికి తీసుకున్నాడు. గింజలు దోసిలి నిండా వచ్చాయి. ఈసారీ మా అత్తగారు వాటిని బూడిదలో కలిపి డబ్బాలో దాచారు గానీ, తనకోసమే ఉంచుకోలేదు. తొలకరి పడగానే డబ్బా పట్టుకుని వీధిలోకి దిగారు. అడిగినవాళ్ళకీ ఇచ్చారు, అడగనివాళ్ళకీ ఇచ్చారు. "ఒక్క ఇంట్లో ఉంటే ఒక్క తుఫాను చాలు. ఇంటింటా ఉంటే ఏ తుఫానుకు అందుతుంది?" అన్నారు. రాజోలుకు పోస్టులో కొన్ని వెళ్ళాయి. నూకరాజుగారికి అందరికంటే ఎక్కువ పెట్టారు, మళ్ళీ దొంగతనం చేసే పని లేకుండా.

అన్నీ అయ్యాక, వీధి మలుపులో కొత్తగా దిగిన ఒకావిడ మెట్లెక్కి వచ్చింది, ఆలస్యంగా తెలిసిందంటూ. "నేతిబీర గింజలు పంచుతున్నారటండీ, నాకూ రెండు పెట్టరూ?"

మా అత్తగారు డబ్బా బోర్లించి తట్టారు. కొంగుముడి విప్పి దులిపారు. ఏమీ రాలలేదు.

"నిండుకున్నాయమ్మా" అన్నారు.

నేనూ హైమా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా మిద్దె మీద పందిరికి తీగ పాకుతోంది. నూకరాజుగారి పందిరి మీద ఇంకోటి. ఆ పక్క మిద్దె మీద, దాని పక్క మిద్దె మీద, వీధి చివరిదాకా ఎక్కడ చూసినా ఆ ఆకులే.

ఆ వచ్చినావిడ నిరాశగా వెనక్కి తిరగబోతుంటే, మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపి, వేలు మడిచి ఆ పందిళ్ళ వైపు చూపించారు.

"మీ పక్కింటివాళ్ళ తీగ మీ గోడ దాటుతుంది, చూస్తూ ఉండండి. ఒక కణుపు తీసి మట్టిలో పెట్టండి. ఎలా పెట్టాలో తెలీకపోతే మా అన్నయ్యగారు నేర్పుతారు."